ఏది చూడాలి, ఏది వదిలేయాలి: ఒక పాత కేబుల్ ఆపరేటర్ జవాబు

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. అత్తగారు సీరియళ్ళు తప్ప ఇంకోటి చూడరు. మావారు రాత్రయితే క్రైమ్ సిరీస్‌లు తప్ప ఇంకోటి పెట్టరు. పిల్లలిద్దరూ ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ సినిమాలో గబగబా మాట్లాడితే అర్థం కాదంటారు. దసరా సెలవులకి అందరం కలిసి చూసేవి ఏమైనా ఉన్నాయా? అందరూ పొగిడేవి నిజంగా అంత బాగుంటాయా? ఇంతకీ రాజమౌళి సినిమాలు టీవీలో చూపించొచ్చా? మొహమాటం లేకుండా చెప్పండి అన్నారు.

మొహమాటం లేకుండానే చెబుతానమ్మా. నేను ఒడిశాలోనే, పర్లాకిమిడిలో ముందు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చాను, ఆ తర్వాత చాలా ఏళ్ళు కేబుల్ నడిపాను. సినిమా పాఠాలు చదువుకున్నవాణ్ణి కాదు. కానీ క్యాసెట్లు అద్దెకిచ్చేవాడికి తెలిసే సంగతి ఒకటుంది. జనం ఏ సీను దగ్గర వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ చూశారో, సరిగ్గా అక్కడే టేపు అరుగుతుంది. బొమ్మకి అడ్డంగా తెల్ల గీతలు పడతాయి, అడుగు భాగం వణుకుతుంది, వీసీఆర్ హెడ్ ఎంత తుడిచినా పోదు. మా కొట్లో మాయాబజార్ క్యాసెట్ ‘వివాహ భోజనంబు’ దగ్గర అలా అరిగిపోయింది. శంకరాభరణం చివరి కచేరీ దగ్గర. ఆ ఏడాది ఊరంతా ఊగిపోయిన హిట్టు సినిమాలు కొన్ని ఉండేవి. వాటిని మూణ్ణెల్లు తిరక్కుండానే అడిగేవాళ్ళు ఉండేవారు కాదు. వాటి టేపు మీద మొదటి నుంచి చివరిదాకా ఒక్క గీత కూడా కనపడేది కాదు.

అలా చూసీ చూసీ నాకొక కొలత కుదిరింది. సినిమాలో మనుషులు ఏ పని చేసి బతుకుతున్నారో తీసినవాడికి తెలిసుంటే దాన్ని రెండోసారి కూడా చూడగలం. తెలియకపోతే ఎన్ని కోట్లు పెట్టినా ఒక పండగ మధ్యాహ్నానికి సరిపోతుంది, అంతే. హీరో ఇంజనీరు అంటారు, ఆఫీసులో అతను చేసే పని ఒక్కటీ కనపడదు. డాక్టరు అంటారు, మెడలో స్టెతస్కోపు వేలాడుతుంటుంది, పేషెంటు ఉండడు. నేను అక్కడే పట్టు వదిలేస్తాను. ఇది నా పిచ్చి అనుకున్నా పరవాలేదు, కింద చెప్పేవన్నీ ఈ పిచ్చితో చూసినవే.

నా వృత్తివాణ్ణే హీరోగా పెట్టిన సినిమా దృశ్యం. 2013లో మలయాళంలో జీతూ జోసెఫ్ తీశాడు, మోహన్‌లాల్ హీరో. మరుసటి ఏడాది తెలుగులో శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేష్ చేశాడు. రెండింట్లోనూ భార్య మీనాయే. తమిళం, కన్నడం, హిందీ అయ్యాక ఆఖరికి చైనా వాళ్ళు కూడా తీసుకున్నారు. కథ మీకు తెలిసే ఉంటుంది, తెలియకపోతే నేను చెప్పి పాడు చెయ్యను. చదువు పెద్దగా లేని కేబుల్ ఆపరేటర్, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, పోలీసులతో పెట్టుకోవలసి వస్తుంది. అందరూ ట్విస్టు గురించే మాట్లాడతారు. నాకు మాత్రం మొదటి గంటే ప్రాణం. ఆ గంట సాగదీశారని చాలామంది అన్నారు. అతను రాత్రిళ్ళు ఆఫీసులో ఒక్కడే కూర్చుని సినిమా మీద సినిమా చూస్తుంటాడు. పైసా ఖర్చు పెట్టడానికి పదిసార్లు ఆలోచిస్తాడు. ఊళ్ళో టీకొట్టు మొదలు పోలీస్ స్టేషన్ దాకా అందరితో పలకరింపులుంటాయి. ఇదంతా కాలక్షేపానికి పెట్టింది కాదు, రెండో సగం నిలబడేది దీని మీదే.

కేబుల్ వాడు ఇంటికొస్తే గుమ్మం దగ్గర ఎవరూ ఆపరు. మంచం పక్కకి జరిపి వైరు లాగుతాం, వంటగది కిటికీలోంచి కనెక్షన్ దింపుతాం, బామ్మగారు మందులు ఎక్కడ పెట్టుకుంటారో కూడా కంటపడుతుంది. ఏ ఇంట్లో ఎన్నింటికి టీవీ కట్టేస్తారో, ఎవరు నెలాఖరు డబ్బులకి పదో తారీకు చెబుతారో, ఏ ఇంటి మొగాడు ఊళ్ళో లేడో మాకు తెలుస్తూనే ఉంటుంది. అందుకని అలాంటివాడు తల్చుకుంటే ఊరు ఊరంతా ఒకే మాట చెబుతుందంటే మిగతావాళ్ళకి సినిమా కథలా అనిపించొచ్చు, నాకు అనిపించలేదు. ఒక్క లోటు చెప్పాలంటే, హీరోగారి చొక్కా మాసినట్టు కనపడదు. వానాకాలంలో స్తంభమెక్కి, నీళ్ళు దిగిన జాయింటు కోసి, మళ్ళీ కనెక్టరు బిగించి, కింద నుంచి ‘వచ్చిందా వచ్చిందా’ అని అరిచే మనిషి అతనిలో కనపడడు. నెల నెలా వసూళ్ళకి తిరగడం కూడా చాలా తక్కువ. మీరు మలయాళం చూసినా తెలుగు చూసినా తేడా పెద్దగా ఉండదు. పిల్లలతో కాబట్టి తెలుగే పెట్టండి. కాస్త పెద్ద పిల్లలైతేనే సుమా, స్నానాల గదిలో దొంగచాటుగా వీడియో తీసిన గొడవ మీద కథ నడుస్తుంది.

ఇక అత్తగారి సంగతి. సీరియళ్ళని ఎగతాళి చేసేవాళ్ళంటే నాకు పడదు. మేం కేబుల్ నడిపిన రోజుల్లో చాలా ఇళ్ళల్లో పాత టీవీలు, వాటికి కొద్ది బటన్లే. బొమ్మ బాగా వచ్చే బ్యాండులో ఏ ఛానల్ వెయ్యాలన్నది మా ఊళ్ళో పెద్ద రాజకీయం. తెలుగు వీధులవాళ్ళు ఈటీవీ, జెమిని ముందు కావాలనేవారు, ఒడియా వీధులవాళ్ళు వాళ్ళ ఛానళ్ళు ముందు రావాలనేవారు. క్రికెట్ ఉన్న రోజు కుర్రాళ్ళది ఇంకో గొడవ. పై బ్యాండులోకి నెట్టిన ఛానల్ వీధి చివరికి వెళ్ళేసరికి చుక్కలు చుక్కలుగా వచ్చేది. సాయంత్రం సీరియల్ టైముకి సిగ్నల్ పెంచే ఆంప్లిఫయరు పోయిందంటే అయిదు నిమిషాల్లో ఫోను మోగేది, పది నిమిషాల్లో ఎవరో ఒక పెద్దావిడ గుమ్మంలో ఉండేది. అంత టెన్షన్ నాకు ఏ సినిమా క్లైమాక్సులోనూ రాలేదు.

ఋతురాగాలు, చక్రవాకం, మొగలిరేకులు, మూడూ మంజులా నాయుడు తీసినవే. వాటిల్లో మనుషులకి ఉద్యోగాలున్నాయి, అప్పులున్నాయి, వయసు మీద పడడం ఉంది. కార్తీక దీపం 2017 నుంచి 2023 దాకా నడిచింది. మలయాళం ‘కరుత్తముత్తు’కి రీమేక్, రెండింట్లోనూ ప్రేమీ విశ్వనాథే. గుండె డాక్టరైన మొగుడు పెళ్ళాన్ని ఏళ్ళ తరబడి అనుమానించడం, ఒక్క డీఎన్ఏ టెస్టుతో తేలిపోయేది వెయ్యి ఎపిసోడ్లు దాటినా తేలకపోవడం మీద ఎన్ని జోకులు వేసినా తప్పు లేదు. కానీ ఆడవాళ్ళు దాన్ని వదలకపోవడానికి కారణం నాకు తెలుసనుకుంటాను. మొగుడు వదిలేసిన దీప ఏడుస్తూ కూర్చోలేదు. వంట చేసి పిల్లని పెంచింది, వంటలక్క అనిపించుకుంది. డాక్టరుగారు వైద్యం చెయ్యడం ఎన్నిసార్లు చూశామో గుర్తులేదు, దీప వంట చెయ్యడం మాత్రం రోజూ చూశాం. మీ అత్తగారికి సెలవుల్లో ఆ అరగంటా గంటా వదిలెయ్యండి, ఆ టైములో ఇంకేం పెట్టినా ఆవిడ కూర్చోరు. మిగతా వాటికి ఆవిడ వచ్చి కూర్చునేలా చెయ్యాలంటే ముందు శంకరాభరణం పెట్టండి.

1980లో వచ్చిన సినిమా, కె.విశ్వనాథ్‌ది. శంకరశాస్త్రి వేషం వేసిన జె.వి.సోమయాజులు శ్రీకాకుళం జిల్లావారే, డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన మనిషి. స్టార్లు లేరు, ఫైట్లూ లేవు. పాడిన బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకి, సంగీతం చేసిన మహదేవన్‌కి ముగ్గురికీ జాతీయ అవార్డులొచ్చాయి. పిల్లలు మాత్రం మొదటి అరగంటలో లేచిపోతారు, బలవంతం చెయ్యకండి. నిజం చెప్పాలంటే ఆ సినిమాలో పాశ్చాత్య సంగీతాన్ని వెక్కిరించే సీను ఈ రోజు చూస్తే నాకు కొంచెం అతిగానే ఉంటుంది. సంగీతం మాష్టారి ఇంట్లో డబ్బులు అయిపోతున్న తీరు మాత్రం ఎంత బాగా తీశారో చూడండి. కచేరీలు ఆగిపోతే ఆ ఇంట్లో ఏం మారుతుందో ఒక్కొక్కటిగా కనిపిస్తుంది.

పిల్లలకి ఎదురులేనిది మాయాబజారే. 1957 నాటిది, అయినా మా మనవడి వయసు పిల్లలు కదలకుండా చూడడం నేను చూశాను. భారతం కథే గానీ పాండవులు తెర మీదికి రానే రారు. ఈ సంగతి ముందే చెప్పకుండా, అయిపోయాక అడిగి చూడండి, పెద్దవాళ్ళు కూడా ‘అవును కదా’ అంటారు. సావిత్రి శశిరేఖగా ఒక రకంగా నడుస్తుంది, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా ఇంకో రకంగా నడుస్తుంది. భుజాలు విరుచుకుని నడవడం, కాలు బలంగా మోపడం గమనించమనండి. కెమెరా మార్కస్ బార్ట్‌లీది. కంప్యూటర్ల ఊసే లేని రోజుల్లో లడ్డూలు వాటంతట అవే నోట్లోకి ఎగిరిపోతాయి. 2010లో రంగులద్ది మళ్ళీ వదిలారు, దాన్ని వదిలేసి నలుపు తెలుపే పెట్టండి. తెలుగు సంగతికొస్తే, పింగళి నాగేంద్రరావు మాటలు గబగబా పరిగెత్తవు, ప్రతి మాటా విడిగా వినపడుతుంది. మీ పిల్లలకి ఇబ్బంది ఆ గబగబాతోనే కదా. వారం రోజులు వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు వీరతాళ్ళు వేసుకుంటారు, భరించండి.

రోజూ అరగంట పెట్టడానికి అమృతం ఉంది. గుణ్ణం గంగరాజు తయారుచేసింది, 2001 నుంచి 2007 దాకా జెమినిలో ఆదివారాలు వచ్చేది, ఇప్పుడు యూట్యూబులో దొరుకుతుంది. ఒక హోటలు, దాన్ని బాగు చెయ్యాలని అమృతరావు, ఆంజనేయులు వేసే పథకాలు, అవి తన్నెయ్యడం, ఇంటి ఓనరు అప్పాజీ, సర్వరు సర్వం. అమృతం వేషానికి మనుషులు మారారు, గుండు హనుమంతరావు ఆంజనేయులు వేషం మాత్రం సినిమా కామెడీలకన్నా నాకు మిన్న. ప్రతి ఎపిసోడూ ఒకేలా ఉండదు, మధ్యలో చప్పగా ఉన్నవీ ఉన్నాయి. నచ్చకపోతే దాటెయ్యండి, కథ తెగిపోదు. 2024లో వచ్చిన ‘90’స్’ సిరీస్ కూడా పిల్లలతో చూడొచ్చు. లెక్కల మాష్టారుగా శివాజీ, మార్కుల భయం, ఉప్మా గొడవ. బాగుంది, కాకపోతే ‘మన చిన్నప్పుడు ఎంత బాగుండేదో’ అని మాటిమాటికీ భుజం తట్టి చెబుతుంటుంది. మాకు చిన్నప్పుడు అంత బాగా ఏమీ లేదు.

ఇప్పుడు మన వైపు సినిమాల సంగతి. చాలా ఏళ్ళు శ్రీకాకుళం యాస అంటే తెలుగు సినిమాలో పనివాడో, అమాయకుడో, హీరో పక్కనుండి నవ్వించేవాడో మాట్లాడేది. నాకు ఇది మిగతావాళ్ళకన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది, ఎందుకంటే మా ఊరు గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకాల్లోకి రావాలని ఆయన పోట్లాడింది ఇక్కడ ఉన్న రోజుల్లోనే. సవరల భాష నేర్చుకున్నదీ ఇక్కడే. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. అలాంటి చోటి భాషని తెర మీద ఎగతాళికి మాత్రమే వాడుతుంటే ఎలా ఉంటుందో చెప్పండి.

అందుకే ‘పలాస 1978’ చూసినప్పుడు ముందు నా చెవులకి పండగైంది. కరుణ కుమార్ మొదటి సినిమా. 2020 మార్చిలో వచ్చింది, కొద్ది రోజులకే కరోనాకి థియేటర్లు మూతబడ్డాయి, పాపం. జీడిపప్పు ఊరు, కులం గీతలు, ఆటా పాటా తెలిసిన కుటుంబంలో అన్నదమ్ములిద్దరు. హీరో నుంచి విలన్ దాకా అందరూ ఒకే యాస మాట్లాడతారు, ఎవరి యాసా జోకు కాదు. విలన్‌గా రఘు కుంచె, సంగీతం కూడా అతనిదే. మొదటి సగం ఎంత గట్టిగా ఉందో రెండో సగం అంత హడావుడిగా ఉంది, ఏళ్ళకి ఏళ్ళు దూకేస్తుంటుంది. రక్తం ఎక్కువ. పిల్లలకి వద్దు, మీరూ మీవారూ చూడండి.

తండేల్ మీద మా ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. 2018లో కె.మత్స్యలేశం వైపు జాలర్లు గుజరాత్ పడవల్లో పనికి వెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకి చిక్కడం, 2020 జనవరిలో విడుదలై రావడం నిజంగా జరిగినవి. దాని మీద చందూ మొండేటి 2025లో తీసిన సినిమా. నాగచైతన్య, సాయిపల్లవి. మా ఆవిడకి మొత్తం నచ్చింది. నాకు సగమే నచ్చింది. సముద్రం మీద పని, వల లాగడం, ఒడ్డున ఆడవాళ్ళు ఫోను సిగ్నల్ కోసం ఎదురుచూడడం బాగున్నాయి. తొమ్మిది నెలలు నీళ్ళ మీద, మూడు నెలలు ఇంట్లో అన్న బతుకు గంజాం జనానికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడి నుంచి సూరత్ మగ్గాలకి వెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లో ఇదే కథ, సముద్రం ఒక్కటే తక్కువ. ఈ పనికి వెళ్ళొద్దని ఆ పిల్ల అడిగిన దగ్గర నుంచి ఇద్దరి మధ్య గొడవ పెరిగే తీరు నిజంగా ఉంటుంది. జైలు భాగం వచ్చేసరికి సినిమా దేశభక్తి స్పీచిలోకి వెళ్ళిపోయింది. ఆ మనుషులు జైల్లో రోజు ఎలా గడిపారు, తిండేమిటి, ఒకళ్ళతో ఒకళ్ళకి ఏం పేచీలొచ్చాయి అన్నది చూపిస్తే ఎంత బాగుండేది! చేతిలో అంత కథ ఉండి కూడా పిడికిలి బిగించి అరవడంతో సరిపెట్టారు. అయినా మీ ఇంట్లో అందరూ కలిసి చూడదగ్గదే, ఆ పాటలకి పిల్లలు లేచి ఎగురుతారు.

కేరాఫ్ కంచరపాలెం గురించి తక్కువ చెబుతాను, తెలియకుండా చూస్తేనే బాగుంటుంది. 2018, వెంకటేష్ మహా. నటులు కాని మనుషులు, ఎక్కువమంది విశాఖలోని ఆ పేటవాళ్ళే. నలభై తొమ్మిదేళ్ళకీ పెళ్ళికాని అటెండరు రాజు, ఆఫీసులో అతని పని, అతని మీద వీధివాళ్ళ ఆరా. నా కొలతకి నూటికి నూరు. కథలో సారా కొట్టు, అక్కడికి వచ్చే ఒక వేశ్య ఉన్నారు కాబట్టి పిల్లలు నిద్రపోయాక. బలగం కూడా చూడకపోతే చూసెయ్యండి. తెలంగాణ యాస మీ పిల్లలకి కష్టమే, కానీ చావు ఇంట్లో కాకి పిండం ముట్టకపోవడం, ఎప్పుడో నల్లి బొక్క కోసం బావగారు అలిగి వెళ్ళిపోయిన గొడవ ఏ భాషవాళ్ళకైనా అర్థమవుతుంది. 2023లో ఊళ్ళల్లో తెరలు కట్టి మరీ ఆడించారు దీన్ని. మీ అత్తగారి పక్కన రుమాలు పెట్టి ఉంచండి.

ఒడిశాలో ఉంటూ ఒడియా సినిమాలు చూడని తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, నాకు అది నచ్చదు. పిల్లలు ఒడియాలో చదువుతున్నారు కదా, ఒక్కసారి వాళ్ళు మీకు అర్థం చెప్పే వీలివ్వండి. దమన్ పెట్టండి. 2022లో వచ్చింది, బాబుషాన్ మహంతి హీరో. మల్కన్‌గిరిలో బలిమెల జలాశయం నీళ్ళు చుట్టుముట్టి, బయటి ప్రపంచంతో తెగిపోయిన ఊళ్ళకి ఒక కుర్ర డాక్టరుని వేస్తారు. ఆ ఊళ్ళకి వెళ్ళడానికి 2018లో జాన్‌బాయి దగ్గర గురుప్రియ వంతెన తెరిచేదాకా పడవలే గతి. సినిమా పేరు కూడా ఒడిశా ప్రభుత్వం 2017లో పెట్టిన మలేరియా కార్యక్రమం పేరే. అందుకని కాస్త ప్రభుత్వ ప్రచారం వాసన వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఇందులో డాక్టరు డాక్టరు పనే చేస్తాడు. ఫార్మసిస్టుని వెంటబెట్టుకుని అడవిలో నడుస్తాడు, రక్తం చుక్క తీస్తాడు, మందు మింగమంటే జనం నమ్మకపోతే మళ్ళీ వెళతాడు. చిత్రకొండ వైపు బంధువులున్న తెలుగువాళ్ళకి ఆ దారులు చూస్తే ఇంకోలా ఉంటుంది. ఓపిక ఉంటే మీరొక్కరూ ‘మాయా మిరిగ’ కూడా చూడండి. నిరద్ మహాపాత్ర 1984లో తీసింది, ఉమ్మడి కుటుంబం చప్పుడు లేకుండా విడిపోవడం. కొడుకుకి పెద్ద ఉద్యోగం వచ్చిందని ఇల్లంతా సంతోషపడుతుంది, విడిపోవడం అక్కడి నుంచే మొదలు. చాలా నెమ్మది, పిల్లలకి అస్సలు వద్దు. ఈ మధ్య దాని పాత ప్రింటు బాగుచేసి మళ్ళీ ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో వేస్తున్నారు.

మీవారి క్రైమ్ పిచ్చికి మందు లేదు గానీ, రుచి మార్చొచ్చు. ది ఫ్యామిలీ మ్యాన్‌తో మొదలుపెట్టమనండి. తీసిన రాజ్, డీకే మన ఆంధ్రా వాళ్ళే. తుపాకులకన్నా ఇల్లే బాగా తీశారు అందులో. ఉగ్రవాదుల వెంట పరిగెత్తే మనిషి పిల్లల స్కూలు ప్రిన్సిపాల్ ముందు చేతులు కట్టుకు నిలబడతాడు. 2021లో వచ్చిన రెండో సీజన్‌లో అతను ఐటీ కంపెనీలో చేరి, తనకన్నా చిన్న బాసు చేత చీవాట్లు తినే భాగం ఉంది, నేను పడీ పడీ నవ్వాను. ఢిల్లీ క్రైమ్ మొదటి సీజన్ గొప్పది, షెఫాలీ షా నటన కోసమైనా చూడాలి. కానీ 2012 ఢిల్లీ ఘటన మీద తీసింది, రాత్రి నిద్ర పట్టదు, ఇంట్లో పిల్లలు మెలకువగా ఉండగా పెట్టొద్దని గట్టిగా చెప్పండి. బ్రేకింగ్ బ్యాడ్ అరవై రెండు ఎపిసోడ్లు, సెలవుల్లో మొదలుపెడితే ఇంటిపని మీ ఒక్కరి మీదే పడుతుంది. నాకు దాంట్లో మత్తుమందు కథకన్నా నచ్చింది మొదట్లోనే వచ్చే చిన్న సంగతి. జీతం చాలక కెమిస్ట్రీ మాష్టారు సాయంత్రాలు కార్లు కడిగే చోట పనిచేస్తుంటాడు, అక్కడికి తన స్టూడెంటే కారు తెస్తాడు. అతను తర్వాత ఏం చేశాడో నమ్మడానికి నాకు ఆ ఒక్క సీను చాలు.

పంచాయత్ అందరూ కలిసి చూడొచ్చు, ఒకటి రెండు బూతు మాటలు తప్ప. 2020లో వచ్చిన మొదటి సీజన్‌కి వంక పెట్టలేను. పోయిన తాళంచెవి, తిరిగే కుర్చీ, గోడ మీద రాతలు, ఇవే కథలు. సర్పంచ్ పేరు భార్యది, పెత్తనం మొగుడిది, ఇది మన పంచాయతీల్లో చూడనివాళ్ళెవరు? మూడో సీజన్‌కి వచ్చేసరికి ఎమ్మెల్యేతో కొట్లాటలు ఎక్కువై, పంచాయతీ ఆఫీసులో పని తగ్గిపోయింది. దాన్నే తెలుగులో సివరపల్లి అని 2025 జనవరిలో తెచ్చారు, రాగ్ మయూర్ బాగా చేశాడు. కానీ హిందీ సీన్లనే దాదాపు ఉన్నవున్నట్టు దించేశారు. తెలంగాణ పల్లెలో పంచాయతీ సెక్రటరీకి తనవైన తలనొప్పులు ఎన్నుండవు! హిందీ రానివాళ్ళుంటే సివరపల్లి చూడండి, వచ్చినవాళ్ళు పంచాయతే చూడండి.

పుష్ప సంగతి అడగకపోయినా చెబుతాను, పిల్లలు ఎలాగూ అడుగుతారు. 2021లో వచ్చిన మొదటి భాగం నాకు నచ్చింది. కూలీగా చేరి, దుంగ మోసి, ఎక్కడ దాచాలో, లారీ ఎలా దాటించాలో, రేటు ఎక్కడ పెరుగుతుందో ఒక్కొక్క మెట్టూ తెలుస్తుంది. ఒక భుజం పైకెత్తి నడిచే ఆ నడక కూడా దుంగలు మోసినవాడి నడకలా ఉంటుంది. అల్లు అర్జున్‌కి జాతీయ అవార్డు ఊరికే రాలేదు. 2024 చివర్లో వచ్చిన రెండో భాగంలో హీరోకి పనే లేదు. అందరూ అతన్ని చూసి ఆశ్చర్యపోవడమే పని. జాతర సీను వదిలేస్తే నాకు మిగిలింది తలనొప్పి. మా వీధిలో మాత్రం ఈ మాట అన్నందుకు ఇద్దరు కుర్రాళ్ళు నాతో మాట్లాడడం మానేశారు.

చివరికి మీ రాజమౌళి ప్రశ్న. బాహుబలి, ఆర్ఆర్ఆర్ ఇంట్లో చూపించడం నాకు ఇష్టం లేదు. ఆ ఏనుగులు, ఆ జలపాతం, ఆ పులీ పెద్ద తెర కోసం తీసినవి. ముప్పై రెండు అంగుళాల టీవీలో, పక్కన మిక్సీ తిరుగుతుంటే, కథలో ఉన్న బొక్కలు మాత్రమే కనిపిస్తాయి. ఎప్పుడైనా మళ్ళీ థియేటర్లలో వేస్తే పార్వతీపురమో విజయనగరమో తీసుకెళ్ళండి, రైలు ఉండనే ఉంది. ఇంట్లో చూసేవాటికి ఒక్క జాగ్రత్త తీసుకోండి. సెట్టింగులో ఆడియో ఏ భాషలో ఉందో ముందే చూసుకోండి. కొన్ని యాప్‌లు ఇదివరకు చూసిన భాషలోనే మొదలుపెడతాయి, మీవారు రాత్రి హిందీలో చూసి వదిలేస్తే పొద్దున మీ పిల్లలకి వెంకటేష్ హిందీ మాట్లాడుతూ కనపడతాడు.